యోషీయా కొరకు ఏడ్చిన యూదా

వాక్యభాగములు: 2 దినవృత్తాంతములు 35:20-27, 2 రాజులు 23:28-37, యిర్మీయా 22:10-19



ఒక రాజు కొరకు దేశమంతయు ఏడ్చుట మన కాలమువారికి క్రొత్త సంగతి కాదు. 2016 అక్టోబరు 13న థాయిలాండు రాజైన భూమిబోల్ మరణించినప్పుడు దుకాణములలో నల్లబట్టలు దొరకక, జనులు ఉన్న బట్టలకే నల్లరంగు వేయించుకొనిరి. ఆయన దహనము మరుసటి సంవత్సరము అక్టోబరు 26న గాని జరుగలేదు. ఈలోగా కోటిమందికి పైగా జనులు బ్యాంకాక్‌లోని రాజభవనమునకు వచ్చి నమస్కరించి వెళ్లిరి. 2022 సెప్టెంబరులో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ శవపేటికను చూచుటకు లండనులో సుమారు రెండున్నర లక్షలమంది థేమ్సు నది గట్టు వెంబడి వరుస కట్టిరి. మనలో చాలమంది ఆ వరుసను టీవీలో చూచినవారమే. వారిలో రాణితో ఒక్క మాటైనను మాటలాడినవారు ఎందరుందురు? అయినను గంటల తరబడి నిలువబడిరి, కన్నీళ్లు తుడుచుకొనిరి.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి ఏడ్పు ఒకటి ఉన్నది. యూదా రాజైన యోషీయా మరణించినప్పుడు యూదావారందరును యెరూషలేమువారందరును ప్రలాపించిరి. ఆదివారపు బడిలో మనము యోషీయాను ఎనిమిదేండ్ల రాజుగా నేర్చుకొందుము, అక్కడితో విడిచిపెట్టుదుము. చిన్న పిల్లవాడు సింహాసనము మీద కూర్చుండుట పిల్లలకు ఇంపైన కథ. అతడు ముప్పదితొమ్మిదేండ్ల వయస్సులో చనిపోయిన విధమును, తరువాత జనులు అతనిని తలంచుకొన్న విధమును పెద్దలు చదువవలసిన పాఠము. ఈ పాఠములో మనము అడుగబోవు ప్రశ్న ఒక్కటే: యోషీయా కొరకు ఏడ్చినవారందరును యోషీయాను జ్ఞాపకము చేసికొనిరా?

మెగిద్దో లోయలో

అది క్రీ.పూ. 609వ సంవత్సరము. అష్షూరు సామ్రాజ్యము కూలిపోవుచున్న దినములవి. దాని రాజధానియైన నినెవె మూడేండ్ల క్రితమే, అనగా 612లో, బబులోనువారికిని మాదీయులకును చిక్కెను. మిగిలిన అష్షూరు సైన్యము హారాను ప్రాంతములో చివరి పోరాటము చేయుచుండగా, ఐగుప్తు రాజైన ఫరో నెకో తన దండుతో ఉత్తరమునకు బయలుదేరెను. పాత అనువాదములలో అతడు అష్షూరు రాజుమీదికి యుద్ధమునకు పోయినట్లు కనబడును. అక్కడి హెబ్రీ మాటను "దగ్గరకు" అని కూడ అర్థము చేసికొనవచ్చును. బబులోనువారు తమ సంవత్సర వృత్తాంతములను వ్రాసికొన్న మట్టిపలకలు ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. వాటిని పండితులు చదివిన తరువాత ఐగుప్తు సైన్యము అష్షూరుకు సహాయముగానే పోయెనని తేటపడెను. ఆ పలకలలో యోషీయా మరణము ప్రస్తావనయే లేదు. పెద్ద రాజుల లెక్కలో యూదా బహు చిన్న దేశము.

నెకోకు యూదాతో తగవు లేదు. అతడు దూతలను పంపి ఆ మాటనే చెప్పించెను. దేవుడే తనను త్వరపడుమని సెలవిచ్చెనని, అడ్డు వచ్చి నశింపవద్దని హెచ్చరించెను. యోషీయా వినలేదు. మారువేషము వేసికొని మెగిద్దో లోయలో యుద్ధమునకు దిగెను. విలుకాండ్ల బాణములు అతనికి తగిలెను. గట్టి గాయమైనదని తన సేవకులతో చెప్పగా, వారు అతనిని ఆ రథము మీదనుండి దించి వేరొక రథముమీద ఉంచి యెరూషలేమునకు తెచ్చిరి. అతడు యెరూషలేములో చనిపోయినట్లు దినవృత్తాంతములలో ఉన్నది. మెగిద్దోలోనే చంపబడగా శవమును రథముమీద తెచ్చినట్లు రాజుల గ్రంథములో ఉన్నది. ఏది ఎట్లున్నను, రెండు గ్రంథములలోను ఆ రథము ఉన్నది. రాజు విజయముతో తిరిగి వచ్చునని గుమ్మముల యొద్ద కనిపెట్టుచున్న జనులకు ఆ రథమెట్లు కనబడెనో ఊహించుకొనుడి.

ఆ యుద్ధమునకు అతడు ఎందుకు పోయెను? వాక్యము కారణము చెప్పదు. దినవృత్తాంతముల రచయిత ఒక్క సంగతి మాత్రము దాచలేదు. నెకో ద్వారా వచ్చినది దేవుని మాటయేయని, యోషీయా దానిని లక్ష్యపెట్టలేదని స్పష్టముగా వ్రాసెను. ధర్మశాస్త్ర గ్రంథము విని బట్టలు చింపుకొన్న రాజు, అన్యుడైన రాజు నోటినుండి వచ్చిన మాటను వినలేకపోయెను. ఆ తప్పు వ్రాసిన మూడు వచనముల తరువాతనే అతని కొరకైన మహా ప్రలాపము వ్రాయబడియున్నది. తప్పు ఉన్నదని ప్రలాపమును తగ్గించలేదు, ప్రలాపము ఉన్నదని తప్పును కప్పిపుచ్చలేదు. మన జ్ఞాపకార్థ కూటములలో లేచి మాటలాడువారు చనిపోయినవారిని పది నిమిషములలో దేవదూతలను చేసి కూర్చుందురు. సౌలు కొరకు దావీదు చేసిన విలాపములో సౌలు తప్పులు ఒక్కటియు లేవన్నది నిజమే (2 సమూయేలు 1). ఏడ్చు దినమున తప్పులు ఎంచనక్కరలేదు. అయితే సౌలు తప్పులు తెలియజేసిన సమూయేలు గ్రంథములోనే ఆ విలాపము కూడ ఉన్నది.

హుల్దా ప్రవక్త్రి పలికిన మాట చాలమందికి చిక్కుగా తోచును. యోషీయా సమాధానముతో సమాధికి చేర్చబడునని ఆమె చెప్పెను గదా (2 రాజులు 22:20), బాణము దెబ్బకు చచ్చుట సమాధానమా అని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుదురు. ఆ వచనమును చివరివరకు చదువవలెను. యెరూషలేము మీదికి రాబోవు కీడును అతని కన్నులు చూడవని ఆమె వివరము కూడ చెప్పియున్నది. ఇరువదిమూడేండ్ల తరువాత, 586లో, బబులోనువారు ఆలయమును కాల్చివేసిరి. యోషీయా దానిని చూడలేదు. అతని కుమారుడైన సిద్కియా ఆ పట్టణము పడిపోవుట చూచెను, తన కుమారులు తన యెదుట చంపబడుట చూచెను, తరువాత అతని కన్నులు ఊడదీయబడెను (2 రాజులు 25:7). దానితో పోల్చినయెడల తండ్రి మరణము సమాధానమే.

ప్రలాపము ఎట్లు చేసిరి?

ఇశ్రాయేలీయులు రాజులను పాతిపెట్టుటలో కొన్ని మర్యాదలు ఉండెను. మంచి రాజునకు పితరుల సమాధులలో స్థలమిచ్చి, అతని గౌరవార్థము సుగంధద్రవ్యములను కాల్చెడివారు. ఆసాకు బహు విస్తారముగా కాల్చిరి (2 దిన. 16:14). ఇది శవమును కాల్చుట కాదు, గంధవర్గములను మాత్రమే. యెహోరాము చనిపోయినప్పుడు అట్లు చేయలేదు. అతడు పోయినందుకు విచారించినవారు లేరని కూడ వ్రాయబడెను (21:19-20). రాజుకాని యెహోయాదా యాజకుని రాజుల మధ్య పాతిపెట్టిరి. అతడు పెంచి రాజుగా చేసిన యోవాషును మాత్రము రాజుల సమాధులలో పెట్టలేదు (24:16, 25). దినవృత్తాంతములు చదువునప్పుడు ప్రతి రాజు అధ్యాయము చివర ఈ రెండు మూడు వచనములను మనము గబగబ దాటిపోవుదుము. ఆ దేశపు జనులు తమ రాజునుగూర్చి చెప్పిన తీర్పు అక్కడనే ఉన్నది. బ్రదికియున్న రాజునకు తీర్పు చెప్పుటకు వారికి వేరొక త్రోవ లేదు.

ఏడ్చుట స్త్రీల విద్య. రోదనము చేయు స్త్రీలను పిలిపించుడని, వారు తమ కుమార్తెలకు ఆ విద్య నేర్పవలెనని యిర్మీయా ఒక చోట చెప్పును (9:17-20). మన పల్లెలలో పెద్ద ముత్తైదువలు శవము ప్రక్కన కూర్చుండి, పోయినవాని గుణములను ఒక్కొక్కటిగా ఎత్తి, వరుస పెట్టి పిలిచి, రాగము తీసి శోకములు పెట్టుట ఎరిగినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. మన సంఘములలో ఆ స్థానమును చాలవరకు కీర్తనలు తీసికొన్నవి. హెబ్రీ విలాపమునకు ఒక నడక ఉన్నది: పాదములో మొదటి భాగము పొడవు, రెండవది పొట్టి. మాట పూర్తి కాకమునుపే ఊపిరి తెగినట్లు వినబడును. విలాపవాక్యముల గ్రంథములో ఎక్కువ భాగము ఈ నడకలోనే ఉన్నది.

యోషీయా విషయములో ఈ మర్యాదలకు మించినది ఒకటి జరిగెను. యిర్మీయా ప్రవక్త అతని కొరకు విలాపము చేసెను. గాయకులును గాయకురాండ్రును తమ ప్రలాపములలో అతని పేరెత్తుచు వచ్చిరి. అది ఇశ్రాయేలీయులలో కట్టడగా నిలిచెను. దినవృత్తాంతములు వ్రాయబడిన కాలము వరకు ఆ పాటలు వినబడుచుండెను. ఆ కాలమునాటికి రాజు లేడు, దావీదు సింహాసనము లేదు, చెర కూడ ముగిసిపోయెను. అయినను పాట మిగిలియుండెను. మన బైబిలులోని విలాపవాక్యములు యెరూషలేము పట్టణము పాడైనందుకు చేసినవి గనుక, యోషీయా పాటలు అవే అనుకొనకూడదు. ఆ పాటలు మనకు చేరలేదు. సుమారు నాలుగు వందల ఏండ్ల తరువాత సీరాకు కుమారుడు వ్రాసిన గ్రంథములో కూడ యోషీయా జ్ఞాపకము సుగంధముతోను తేనెతోను పోల్చబడెను. అది మన బైబిలులో చేరిన గ్రంథము కాదు గాని, యూదుల ఇండ్లలో ఆ రాజు పేరు ఎట్లు పలుకబడుచుండెనో తెలిసికొనుటకు పనికివచ్చును. జెకర్యా 12:11లో మెగిద్దోను లోయలో జరిగిన ప్రలాపము ప్రస్తావింపబడినది. అది యోషీయా కొరకైన ఏడ్పేయని చాలమంది వ్యాఖ్యాతలు తలంచుదురు. అక్కడ ప్రతి కుటుంబము ప్రత్యేకముగాను, వారి భార్యలు ప్రత్యేకముగాను ఏడ్చుట కనబడును. అదే చోట పొడవబడిన వానివైపు చూచి దుఃఖించుట ఉన్నది. యోహాను సిలువ యొద్ద ఆ మాటను జ్ఞాపకము చేసికొనెను (యోహాను 19:37).

ఇక్కడ ఒక చిన్న మాట. విశ్వాసులు ఏడ్వకూడదని చెప్పువారు మన సంఘములలో కొందరున్నారు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెనే గాని, దుఃఖపడనే వద్దని వ్రాయలేదు. స్తెఫనును సమాధి చేసిన భక్తిపరులు అతని కొరకు బహుగా ప్రలాపించిరి (అపొ. కార్యములు 8:2). విధవరాలిని ఏడ్వనియ్యకుండ నోరు మూయించుట భక్తి కాదు.

అంతగా ఏడ్చుటకు కారణమున్నది. యోషీయాకు ముందు అతని తాత మనష్షే 55 సంవత్సరములు, తండ్రి ఆమోను 2 సంవత్సరములు ఏలిరి. మనష్షే నిరపరాధుల రక్తముతో యెరూషలేమును నింపెను. ఆమోనును తన సొంత సేవకులే చంపిరి. ఆ ఇంటినుండి వచ్చిన పిల్లవాడు ఏలుబడి ఎనిమిదవ యేట దేవుని వెదకనారంభించెను, పండ్రెండవ యేట విగ్రహములను తీసివేయనారంభించెను, పదునెనిమిదవ యేట ఆలయమును బాగుచేయించెను. అప్పుడు హిల్కీయా యాజకునికి ధర్మశాస్త్ర గ్రంథము దొరకెను. షాఫాను అను శాస్త్రి దానిని రాజు ఎదుట చదివి వినిపించెను. ఆ యేటి పస్కాకు జనులకు ముప్పదివేల గొఱ్ఱెపిల్లలను మేకపిల్లలను, మూడువేల కోడెలను రాజు తన ఆస్తిలోనుండి ఇచ్చెను. సమూయేలు దినములు మొదలుకొని అట్టి పస్కా జరుగలేదు. తరువాత పదమూడేండ్లకే ఆ రథము వచ్చెను.

మృతుని కొరకు ఏడ్వవద్దు

విలాపము కట్టిన యిర్మీయాయే కొద్ది నెలలలో ఇంకొక మాట చెప్పెను. యిర్మీయా 22:10 తీసి చదువుడి. చనిపోయినవాని కొరకు ఏడ్వవద్దని, వెళ్లిపోవుచున్నవాని కొరకే ఏడ్వవలెనని, అతడు తిరిగి రాడని, తన జన్మభూమిని మరల చూడడని ప్రవక్త చెప్పుచున్నాడు. చనిపోయినవాడు యోషీయా. వెళ్లిపోవుచున్నవాడు అతని కుమారుడు షల్లూము. రాజుల గ్రంథములో అతని పేరు యెహోయాహాజు.

జరిగినదేమనగా, యోషీయా చనిపోగానే దేశపు జనులు ఇరువదిమూడేండ్ల ఈ కుమారుని అభిషేకించి రాజును చేసిరి. అతనికంటె రెండేండ్లు పెద్దవాడైన అన్న ఉండగా తమ్ముని ఎందుకు ఏర్పరచుకొనిరో గ్రంథములో లేదు. మూడు నెలలు మాత్రమే ఏలెను. నెకో అతనిని రిబ్లాలో బంధించి, యూదామీద నూరు తలాంతుల వెండియు ఒక తలాంతు బంగారమును జుల్మానా వేసి, అన్నయైన ఎల్యాకీమునకు యెహోయాకీము అని పేరు మార్చి రాజును చేసెను. తమ్ముని ఐగుప్తునకు కొనిపోగా అతడు అక్కడనే చచ్చెను.

యెరూషలేములో మూడు నెలలుగా యోషీయా కొరకు ఏడ్పు సాగుచునేయుండెను. గాయకులకు పాటలున్నవి, స్త్రీలకు శోకములున్నవి. ఈలోగా బ్రదికియున్న ఒక యువకుడు సంకెళ్లతో పోయెను. ఏడ్చుచున్నవారికి చుట్టు జరుగుచున్నది కనబడుట మానినది. ప్రవక్త వారి ముఖములను మృతుని వైపునుండి బ్రదికియున్నవాని వైపునకు త్రిప్పుచున్నాడు. యోషీయా మీద ప్రేమ లేక కాదు. ఆ విలాపము కట్టినవాడు తానే గదా.

జన్మభూమిని మరల చూడడన్న మాట మన సంఘములకు ఒక విధముగా తగులును. గనులకు, మిల్లులకు, రైలు పనులకు బయలుదేరి వచ్చిన మన తాతలు సంకెళ్లతో రాలేదు. ఆకలితో వచ్చిరి, బంధువులు పిలువగా వచ్చిరి. కొందరు తిరిగి పోయి చూచిరి, కొందరికి అది జరుగలేదు. పోయినవారిని గూర్చి ఊరిలో ఏడ్చినవారెవరో, ఏడ్వనివారెవరో మనకు తెలియదు. యిర్మీయా మాత్రము, దూరదేశమునకు పోవువానికి కూడ సమాధిలో ఉన్నవానికివలెనే కన్నీళ్లు రావలెనని ఎంచినవాడు.

దేవదారు మేడగదులు

అన్నయైన యెహోయాకీము పదకొండేండ్లు ఏలెను. ఫరోకు చెల్లించవలసిన వెండి బంగారములను దేశపు జనుల యొద్ద ప్రతివాని ఆస్తి చొప్పున వసూలు చేసెను (2 రాజులు 23:35). అట్టి పన్నులు ఉండగా అతడు తనకొక క్రొత్త నగరు కట్టించుకొనుచుండెను. యిర్మీయా 22:13-14లో ఆ ఇల్లు కండ్లకు కట్టినట్లున్నది: విశాలమైన మందిరము, గాలి ఆడు మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, వాటిమీద ఇంగిలీకపు ఎఱ్ఱ రంగు. పని చేసినవారికి మాత్రము కూలి లేదు. జీతమియ్యక పొరుగువానిచేత ఉచితముగా చాకిరి చేయించుకొనుచున్నాడని ప్రవక్త అతనిని నిలదీసెను.

అప్పుడు యిర్మీయా యోషీయాను జ్ఞాపకము చేసెను. ఈ వచనములను (22:15-16) మెల్లగా చదువుడి. నీ తండ్రి కూడ తిని త్రాగి సుఖముగానే ఉండలేదా, అయినను నీతి న్యాయములు జరిగించెను గదా, దీనులకును దరిద్రులకును న్యాయము తీర్చెను గదా, నన్ను ఎరుగుట అనగా అదియే గదా అని దేవుడు అడుగుచున్నాడు. ఇందులో ప్రవక్త చెప్పనివి గమనించుడి. ఆలయపు మరమ్మతు ఇక్కడ లేదు. పడగొట్టిన బలిపీఠములు లేవు. ముప్పదివేల గొఱ్ఱెపిల్లల పస్కా లేదు. అవి చిన్న సంగతులని కాదు. రాజుల గ్రంథము వాటిని విస్తారముగా వ్రాసెను. కూలి ఎగవేసిన కుమారునికి తండ్రిని చూపవలసి వచ్చినప్పుడు ప్రవక్త ఎత్తినది పేదవాని వ్యాజ్యెము. ఒక పేదవాడు రాజు ఎదుటికి వచ్చెను, అతని మాట విని న్యాయము చేసిరి, అతడు ఇంటికి పోయెను. అతని పేరు బైబిలులో లేదు. యోషీయా రథము వచ్చిన దినమున ఏడ్చిన జనములో అతడు తప్పక ఉండియుండును.

రాజులను జనులు గుర్తుంచుకొను విధము ఇంచుమించు ఎక్కడనైనను ఇట్టిదే. కర్ణాటకలోని మన సంఘములవారు మండ్య వైపు వెళ్లినప్పుడు 1940 ఆగస్టు 3న మరణించిన మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పటము చూచియుందురు. అక్కడి రైతు ఆయన దర్బారును గూర్చి చెప్పడు, కన్నంబాడి ఆనకట్టను గూర్చి చెప్పును. కాలువలో నీళ్లు వచ్చినంతకాలము ఆ పేరు పలుకబడును. జ్ఞాపకము పొలములో ఉన్నది.

మన ప్రార్థన మందిరముల గోడలమీద జ్ఞాపకార్థ శిలాఫలకములు చాల ఉన్నవి. ఫలానివారి జ్ఞాపకార్థము వారి కుమారులు వేయించిన బల్లలు, ఫ్యానులు, గడియారములు ఉన్నవి. వాటిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఆ బల్లలమీదనే మనము కూర్చుండుచున్నాము. అయితే ఏ సంఘములోనైనను యిర్మీయా 22:13ను బిగ్గరగా చదివి, ఆ శిలాఫలకము చెక్కినవానికి, ఆ గోడకు సున్నము వేసినవానికి, కాంపౌండు ఊడ్చు అమ్మకు బాకీ ఏమైనను ఉన్నదా అని కోశాధికారిని అడిగి చూడవచ్చును. జ్ఞాపకార్థ కూటమునకు భోజనములు పెట్టి, వండినవారికి కూలి వచ్చే నెలకు వాయిదా వేసిన చోట్లు లేకపోలేదు.

తండ్రికిని కుమారునికిని ఉన్న భేదమును హెబ్రీ గ్రంథము ఒకే క్రియాపదముతో చూపుచున్నది. ధర్మశాస్త్ర గ్రంథము వినినప్పుడు యోషీయా తన బట్టలను చింపుకొనెను. యిర్మీయా పలుకగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను తొమ్మిదవ నెలలో, చలికాలపు నగరులో, కుంపటి ముందర చదువుచుండగా యెహోయాకీము దానిని మూడు నాలుగు వరుసలకొకసారి చాకుతో కోసి కుంపటిలో వేయించెను (యిర్మీయా 36). బట్టలు చింపుట, గ్రంథమును కోయుట అను రెండు చోట్లను హెబ్రీలో ఒకటే మాట. ఆ తరువాతి వచనములో రాజు గాని సేవకులు గాని తమ బట్టలు చింపుకొనలేదని కూడ ఉన్నది. వ్రాసినవాడు యోషీయాను మనస్సులో పెట్టుకొనియే వ్రాసెనని నాకు తోచుచున్నది.

అతనికి యిర్మీయా చెప్పిన శిక్ష ఏమి? సహోదరుడా అనియు ఏలినవాడా అనియు పిలిచి అతని కొరకు ఎవరును ఏడ్వరు. గాడిదను ఈడ్చి పారవేసినట్లు యెరూషలేము గుమ్మముల అవతల పారవేయబడును (22:18-19). రాజునకు విధింపబడిన శిక్షలలో ఏడ్చువారు లేకపోవుట ఒకటి.

షాఫాను ఇంటివారు

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వత్తము. యోషీయాను నిజముగా జ్ఞాపకముంచుకొన్నవారు ఎవరు? యిర్మీయా గ్రంథములో ఒక ఇంటిపేరును వెదకి చూచినయెడల జవాబు దొరకును. రాజు ఎదుట ధర్మశాస్త్రము చదివిన షాఫాను శాస్త్రి మనకు తెలియును. యెహోయాకీము కాలములో యిర్మీయాను జనులు చంపనుద్దేశింపగా కాపాడినవాడు షాఫాను కుమారుడైన అహీకాము (26:24). బారూకు ఆ గ్రంథమును ఆలయములో జనులకు చదువుటకు దొరకిన గది షాఫాను కుమారుడైన గెమర్యాది. కుంపటి ముందు నిలిచి గ్రంథమును కాల్చవద్దని రాజును బతిమాలిన ముగ్గురిలో ఆ గెమర్యా ఒకడు (36:10, 25). ఆ గ్రంథములోని మాటలను విని, దిగి వచ్చి అధిపతులకు తెలియజేసినవాడు షాఫాను మనుమడు. యెరూషలేము కూలిన తరువాత యిర్మీయాను చెరసాలనుండి తీసి అప్పగించినది అహీకాము కుమారుడైన గెదల్యాకు (39:14).

ఆ ఇంటివారు అందరు ఒకే త్రోవన నడిచిరని చెప్పలేము. యెహెజ్కేలు ఆలయములో విగ్రహముల ఎదుట ధూపము వేయుచున్న డెబ్బదిమంది పెద్దలను చూచినప్పుడు వారి మధ్య షాఫాను కుమారుడైన యజన్యా ఉండెను (8:11). ఆ షాఫాను ఈ షాఫానేయని చాలమంది తలంతురు. ఒకే తండ్రి చదివిన గ్రంథమును ఒక కుమారుడు కాపాడ జూచెను, ఇంకొక కుమారుడు విడిచిపెట్టెను. ఇట్టివి మన ఇండ్లలో కూడ జరుగుచున్నవి గదా.

వీరిలో ఎవరైనను యోషీయా కొరకు పాట కట్టినట్లు వ్రాయబడలేదు. గాయకులును గాయకురాండ్రును ఏటేట పాడుచుండిరి. ఈ గుమాస్తాల కుటుంబము మాత్రము, యోషీయా విని బట్టలు చింపుకొన్న ఆ మాటను కాపాడుటకు తరువాతి రాజుల కాలములో గదులు తెరచిరి, అధిపతుల ఎదుట సాహసించిరి.

షాఫాను కుమారులలో ఇంకొకడు ఎల్యాశా. అతనిని గూర్చి ఒక్క వచనమే ఉన్నది (29:3). సిద్కియా రాజు అతనిని బబులోనునకు రాయబారిగా పంపినప్పుడు, చెరలో నున్నవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము అతడును హిల్కీయా కుమారుడైన గెమర్యాయును తీసికొని పోయిరి. ఇండ్లు కట్టుకొని కాపురముండుడని, తోటలు నాటి ఫలములు తినుడని, కుమారులకు కుమార్తెలకు పెండ్లిండ్లు చేయుడని, మీరు పోయి చేరిన పట్టణము క్షేమముగా ఉండవలెనని దానికొరకు ప్రార్థించుడని వ్రాయబడిన ఉత్తరము అదే. మన తాతలు ఈ రాష్ట్రములకు వచ్చినది మొదలు మన మందిరములలో ఎన్నిసార్లు చదువబడినదో లెక్కలేదు. యోషీయాకు గ్రంథము చదివి వినిపించినవాని కుమారుడే దానిని ఎండలో, దుమ్ములో, వారముల తరబడి ప్రయాణము చేసి, జన్మభూమికి దూరమైనవారి చేతికి తెచ్చి ఇచ్చెను.